అక్కినేని – సావిత్రి: ఒక తెరజంట చరిత్ర



మన తెలుగునాట ‘జంట’ యను మాటకు మొదటినుండియు నొక గౌరవము కలదు. తిరుపతి వేంకటకవులు రచించిన పాండవ నాటకముల పద్యములు వినబడని పల్లె లేదు. వానిలో ఏ పద్యము ఎవరిదని సామాన్యముగా అడుగువారు లేరు. 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు స్వర్గస్థులైన పిమ్మటను చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తమ రచనలను ఇద్దరి పేరిటనే ప్రకటించుచు వచ్చిరి. ఇద్దరు పండితులు కలిసి కవిత్వము చెప్పినచో లోకము చేతులు జోడించినది. ఒక పురుషుడును ఒక స్త్రీయు కలిసి పలుమార్లు తెరపై కనబడినచో మాత్రము అదే లోకము చెవులు కొరుక్కొనినది. ఈ భేదమెందులకు కలిగెను? దానిని మన నటీనటులు ఏ విధముగా ఎదుర్కొనిరి? ఈ విషయమునే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

అరవదేశమున సావిత్రి, జెమినీ గణేశన్ గార్ల జంట ప్రసిద్ధి చెందినది. వారు నిజజీవితమునను దంపతులే. తెలుగుదేశమున ఆ సావిత్రిగారే అక్కినేని నాగేశ్వరరావుగారితో కలిసి పదునైదింటికి తక్కువ కాని చిత్రములలో నటించిరి. వీరిరువురి నడుమ నటనాబంధము తప్ప వేరు బంధము లేదు. అయినను 1953 మొదలు పండ్రెండేండ్లపాటు తెలుగు ప్రేక్షకుడు వీరిని జంటగానే తలపోసెను. ఈ జంట కథలో ఒక ముఖ్యమైన ఘట్టము హైదరాబాదు నగరములోని అమీర్‌పేటలో జరిగినది. అచ్చటికి పోవుటకు ముందు కొంత పూర్వకథ చెప్పవలసియున్నది.

మన పాత నాటకరంగమున నాయికా పాత్రలను పెక్కు తావుల పురుషులే ధరించెడివారు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగము మీదికి వచ్చినప్పుడు ప్రేక్షకులు మైమరచెడివారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారిదియు అట్టి ఖ్యాతియే. అప్పుడు సత్యభామయు శ్రీకృష్ణుడును ఇద్దరును పురుషులే. వారి నడుమ గల సంబంధమెట్టిదని ఎవ్వరును ప్రశ్నించలేదు. నాటకము ముగియగానే ఇద్దరును రంగులు కడుగుకొని ఇండ్లకు పోయెడివారు. నాగేశ్వరరావుగారును ఆ సంప్రదాయమున పెరిగినవారే. గుడివాడ ప్రాంతమునందలి రామాపురమున జన్మించి, బాల్యమున నాటకములలో స్త్రీ పాత్రలు ధరించి పేరు తెచ్చుకొనిరి. 1941లో ‘ధర్మపత్ని’ చిత్రమున చిన్న పాత్రతో తెరకెక్కి, 1944లో ‘శ్రీ సీతారామ జననము’తో నాయకులైరి. స్త్రీ వేషము కట్టినవానికి ఎదుటి స్త్రీ పాత్ర యొక్క కష్టము తెలియును. ఆమె మాటాడునప్పుడు తాను మౌనముగా నుండుట నటనలో సగమని అతడెరుగును. నాగేశ్వరరావుగారి నటనలో నాకు మిక్కిలి నచ్చిన గుణము ఇదియే. ఎదుటివారికి చోటు విడుచుట ఆయనకు వచ్చును.

చలనచిత్రములు వచ్చిన పిదప నాయిక పాత్రను స్త్రీయే ధరింపవలసి వచ్చెను. రంగస్థలము కంటె తెర మనకు దగ్గర. ముఖము తాటిచెట్టంత యెత్తున కనబడును. కన్నీటిబొట్టు జారుటయు కనబడును. ఇంత దగ్గరగా చూచిన భావము నటన యని నమ్ముట కష్టము. కావున ఒక జంట చక్కగా నటించుకొలదియు వారిని గూర్చిన అనుమానము పెరుగుచు వచ్చెను. పురుషునకు ఆ అనుమానము వలన కలుగు నష్టము స్వల్పము. స్త్రీకి అది మర్యాదతో కూడిన ప్రశ్న. సినిమాలో చేరిన ఆడుబిడ్డను గూర్చి మన రచ్చబండల యొద్ద ఏమనుకొనెడివారో పెద్దలైన మీకు నేను చెప్పనక్కరలేదు.

సావిత్రిగారు గుంటూరు జిల్లా చిర్రావూరున పుట్టి, విజయవాడలో నాట్యము నేర్చి, నాటకములాడి, చిన్న వయసుననే మదరాసు చేరిరి. 1950లో ‘సంసారం’ చిత్రమున ఆమెను తొలుత నాయికగా నెన్నుకొని, పిమ్మట తప్పించి, చిన్న వేషముతో సరిపుచ్చిరి. ఆ చిత్రమున నాయకులలో నాగేశ్వరరావుగారొకరు. మూడేండ్లు గడచినవి. 1953 జూన్ నెలలో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున ‘దేవదాసు’ వెలువడెను. ఒకప్పుడు చిన్న వేషముతో సరిపెట్టుకొనిన బాలిక నేడు పార్వతియై అదే నాగేశ్వరరావుగారి సరసన నిలిచినది. ఈ కథ వంగదేశపు శరత్‌చంద్రునిది. దీనినే అరవమునను తీసిరి. అందును వీరిద్దరే నటించిరి. ఇట్లు వంగదేశమున పుట్టిన కథ తెలుగు జంట మూలమున తెలుగు, అరవము రెండింటను నిలిచినది.

‘దేవదాసు’ విజయమును చూచి నిర్మాతలు వీరిని మరల మరల విరహ ప్రేమికులుగనే చూపియుండినచో ఈ జంట రెండు మూడేండ్లకే వాడిపోయెడిది. అట్లు జరుగలేదు. 1955లో వచ్చిన మూడు చిత్రములను గమనింపుడు. ‘అర్ధాంగి’లో ఆమె అమాయకుడైన భర్తను చేయి పట్టి మనిషిగా తీర్చు ఇల్లాలు. ‘దొంగరాముడు’లో చెడుదారి పట్టిన యువకుని మనసు మార్చు ప్రియురాలు. ఇది అన్నపూర్ణా పిక్చర్సు వారి మొదటి చిత్రము. ‘మిస్సమ్మ’లో ఆమెకు జంట నందమూరి తారకరామారావుగారు, నాగేశ్వరరావుగారో, తప్పిపోయిన పెద్దబిడ్డ ఆమెయేనని కనిపెట్టు సరదా డిటెక్టివు. ఒక్క సంవత్సరములో ఇన్ని విధములైన సంబంధములు! ప్రేక్షకుడు ఏ చిత్రమునకా చిత్రము ఆ బంధమును నమ్మెను.

1957లో వచ్చిన ‘మాయాబజార్’ ఇంకొక పరీక్ష. విజయా వారు ఆ చిత్రమును తెలుగు, అరవము రెండు భాషలలోను తీసిరి. దర్శకులు కె. వి. రెడ్డిగారే. తెలుగున శశిరేఖగాను, అరవమున వత్సలగాను సావిత్రిగారే నటించిరి. అభిమన్యుడు మాత్రము తెలుగున నాగేశ్వరరావుగారు, అరవమున జెమినీ గణేశన్ గారు. అనగా ఒకే నాయిక, ఒకే కథలో, ఒక భాషలో తన భర్త సరసనను, మరియొక భాషలో పరాయి పురుషుని సరసనను ఒకే ప్రేమను అభినయించినది. నేను రెండు చిత్రములను పక్కపక్కనే చూచితిని. ఆమె చూపున గల ప్రేమ భర్త యెదుట ఎక్కువయనియు, సహనటుని యెదుట తక్కువయనియు నాకు తోచలేదు. తెరపైని ప్రేమ సొంత జీవితపు ప్రేమనుండి అరువు తెచ్చుకొనినది కాదనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను? అది విద్య. సాధన వలన వచ్చినది.

ఇక 1962. ఆ సంవత్సరము జూన్ నెలలో ‘గుండమ్మ కథ’ వచ్చెను. అందు సావిత్రిగారికి జంట తారకరామారావుగారు. అయిదు నెలలు నిండకముందే, నవంబరు మొదటి దినమున ‘రక్తసంబంధం’ వచ్చెను. అందు అదే రామారావుగారు అన్న, అదే సావిత్రిగారు చెల్లెలు. 1961లో అరవమున శివాజీ గణేశన్, సావిత్రి అన్నాచెల్లెండ్రుగా, జెమినీ గణేశన్ ఆమె భర్తగా నటించిన ‘పాశమలర్’ చిత్రమునకు అది తెలుగు రూపము. నా బాల్యమున మా ప్రాంతమునకు డేరా వేసికొని టూరింగు టాకీసు వచ్చెడిది. యంత్రము ఒక్కటియే యగుటచే రీలు మార్చునప్పుడెల్ల దీపములు వెలిగించెడివారు. ఆ కొద్ది సేపటిలో పెద్దలు కథను గూర్చి వాదించుకొనెడివారు. “నిన్నటిదాక భార్యాభర్తలు, నేడు అన్నాచెల్లెండ్రా?” యని ఒకరు. “వేషము మారినది కదయ్యా!” యని వేరొకరు. దీపములారి బొమ్మ మరల మొదలైన కొంతసేపటికి ఆ వాదించినవారే ఉత్తరీయముతో కన్నులొత్తుకొనుట నేను చూచితిని.

ఇప్పుడు అమీర్‌పేటకు వత్తము. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని యైనది. కాని తెలుగు చిత్రములన్నియు మదరాసులోనే తయారగుచుండెను. స్టూడియోలు, ప్రయోగశాలలు, వాద్యగాండ్రు, దర్జీలు, వంటవారు – అందరును అచ్చటనే. సొంత రాష్ట్రము వచ్చినను సొంత బొమ్మ సొంత గడ్డపై తీసికొనలేని స్థితి. ఖైరతాబాదు దాటి పంజాగుట్ట మీదుగా సనత్‌నగరమునకు పోవు దారిలో అమీర్‌పేట కలదు. నాడది నగరపు పొలిమేర వంటిది. దానికి చేరువనే, ఎల్లారెడ్డిగూడ ప్రక్కన, సారథీ స్టూడియో వెలసెను. ‘సారథి’ యను పేరు మన పల్లెలకు కొత్తది కాదు. చల్లపల్లి యార్లగడ్డ వారి ప్రాపున గూడవల్లి రామబ్రహ్మముగారు ఆ పేరిట 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీసి దేశమును కదిలించిరి. జమీందారీ దౌష్ట్యమును చూపిన ‘రైతుబిడ్డ’ చిత్రమునకు జమీందారుల సొమ్మే పెట్టుబడి యగుట ఒక విశేషము.

1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదున తయారైన మొదటి తెలుగు చిత్రము. అది ఈ సారథీ స్టూడియోలోనే తీయబడినది. గుత్తా రామినీడుగారు దర్శకులు. హరనాథ్, జమున ముఖ్యనటులు. అయినను పెద్ద నటులు వెంటనే తరలిరాలేదు. మదరాసులో ఇల్లు, తోట, బిడ్డల చదువులు గలవారు ఒక్క స్టూడియోను నమ్ముకొని ఎట్లు వత్తురు? 1960 దశాబ్దపు తొలి భాగమున నాగేశ్వరరావుగారు ఆ సాహసము చేసిరి. నివాసమును హైదరాబాదునకు మార్చి, తమ చిత్రములు ఇచ్చటనే తీయవలెనని పట్టుపట్టిరి. సావిత్రిగారు మదరాసుననే యుండిరి. జంటలో ఒకరు కృష్ణకు ఉత్తరమున, ఒకరు సముద్రతీరమున. ఇట్టి దూరము వచ్చిన పిమ్మటనే వారి జంటకు గొప్ప సంవత్సరము వచ్చుట చిత్రము.

ఆ సంవత్సరము 1964. జనవరి నెలాఖరున ఆదుర్తి సుబ్బారావుగారి ‘మూగమనసులు’ విడుదలయ్యెను. గోదావరిపై పడవ నడపు గోపి, జమీందారు బిడ్డ రాధ. వారి నడుమ గల ఆప్యాయతకు ఈ జన్మలో పేరు లేదు. అతడామెను ‘అమ్మాయిగారు’ అనియే పిలుచును. ప్రేమ యను మాట నోట రాకుండ కథ యంతయు నడచును. జన్మ మారినగాని ఆ మూగతనము వీడదు. తెలుగువారు ఆ చిత్రమును గుండెకు హత్తుకొనిరి.

అయిదు నెలలు గడచినవి. జూలైలో అదే ఆదుర్తివారి దర్శకత్వమున, అన్నపూర్ణా వారి ‘డాక్టర్ చక్రవర్తి’ వచ్చెను. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణము’ నవల దానికి మూలము. ఇది అమీర్‌పేటలోని సారథీ స్టూడియోలో రూపొందినది. కథ యేమనగా, డాక్టర్ చక్రవర్తికి ప్రాణప్రదమైన చెల్లెలు వ్యాధిచే మరణించును. కొంతకాలమునకు స్నేహితుడైన రవీంద్రుని భార్య మాధవిలో అతనికి ఆ చెల్లెలి పోలికలు కనబడును. ఆమెను చెల్లెలివలె ఆదరించును. ఆ ఆదరణ లోకము కంటికి వేరుగా తోచును. అతని యింట భార్య అనుమానించును; ఆమె యింట భర్త అనుమానించును. చక్రవర్తి నాగేశ్వరరావుగారు, మాధవి సావిత్రిగారు, రవీంద్రుడు జగ్గయ్యగారు.

పెద్దలారా! ఇందలి మెలికను గమనింపుడు. ‘రక్తసంబంధం’లో అన్నాచెల్లెండ్రు ఒక తల్లి బిడ్డలు. ఆ మాట మొదటనే తెలియును గనుక ప్రేక్షకుడు కొంతసేపటికి సర్దుకొనును. ‘డాక్టర్ చక్రవర్తి’లో రక్తసంబంధము లేదు. ఉన్నదంతయు మాటపై నమ్మకమే. ఆ నమ్మకమును చూపవలసినవారు దేవదాసు పార్వతులుగా, గోపి రాధలుగా జనుల మనసులలో ముద్రపడిన జంట. కథలోని భార్యకును భర్తకును కలిగిన అనుమానము సరిగా చూచువానికిని కలుగును. ‘వీరిద్దరును ఒకచోట నున్నచో అది ప్రేమయే గదా’ యని పదేండ్ల అలవాటు అతని చెవిలో చెప్పుచుండును. ఇట్లు తెర ముందు కూర్చున్నవాడే అనుమానించు పాత్రలలో నొకడగుచున్నాడు. కొత్త నటులు ఈ వేషములు వేసియుండినచో కథ మాత్రమే నడచియుండెడిది. ఈ జంట వేయుటచేత చూచువాని మనసునకును పరీక్ష జరిగినది. కథ చివర నేమైనదో నేను చెప్పను. చూడనివారు చూతురుగాక.

ఆ పరీక్షలో ప్రేక్షకుడు నెగ్గెను. చిత్రము ఆదరణ పొందినది. రాష్ట్ర ప్రభుత్వము ఉత్తమ చిత్రములకై నెలకొల్పిన నంది బహుమానములు 1964వ సంవత్సరపు చిత్రములతో మొదలైనవి. ఆ మొదటి యేట బంగారు నంది ఈ చిత్రమునకే దక్కినది. రాజధానీ నగరమున తయారైన బొమ్మకు రాజధాని యిచ్చిన మొదటి బహుమానము లభించుట హైదరాబాదు చిత్రపరిశ్రమకు గొప్ప ఊతమైనది. మదరాసు వదలివచ్చిన సాహసము వ్యర్థము కాలేదని తోటివారికి తెలిసినది.

కాని ఏ జంటయు శాశ్వతము కాదు. 1965లో ‘సుమంగళి’ తరువాత వీరు కలిసి నాయికా నాయకులుగా నటించుట సన్నగిల్లెను. సావిత్రిగారు 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు తామే దర్శకత్వము వహించిరి. ‘మూగమనసులు’ కథపై వారికి మమకారము పోలేదు. శివాజీ గణేశన్ గారితో కలిసి ‘ప్రాప్తం’ అను పేర, తమ దర్శకత్వముననే, అరవమున తీసి 1971లో విడుదల చేసిరి. అది ఆదరణ పొందక ఆమెకు నష్టము తెచ్చిపెట్టెను. జంట మారినందువలననే ఓడినదని కొందరందురు. నేనట్లు చెప్పజాలను. ఏలన, ఆదుర్తివారే ఆ కథను 1967లో సునీల్ దత్, నూతన్ గార్లతో ‘మిలన్’ అని హిందీలో తీయగా దేశమంతయు చూచినది. కథకు సొంత బలము కలదు. జంటకు వేరొక బలము కలదు. జంట యొక్క బలము చూచువారి జ్ఞాపకములో నుండును. తెలుగువానికి గోపి రాధలనగా వెనుక దేవదాసు పార్వతులు, అభిమన్యుడు శశిరేఖ తోచుదురు. ఆ జ్ఞాపకమును మరియొక భాషకు మోసికొనిపోవుట సాధ్యము కాదు.

సావిత్రిగారి చివరి యేండ్లు కష్టముతో గడచినవి. 1981 డిసెంబరు 26వ తేదీన ఆమె మదరాసున పరమపదించిరి. నాగేశ్వరరావుగారు 1976లో హైదరాబాదున అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిరి. 1990వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే బహుమానము పొందిరి. 2014 జనవరి 22వ తేదీన హైదరాబాదుననే కన్నుమూసిరి. ఆ యేడే, జూన్ 2వ తేదీన, తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. నాటి పొలిమేర నేడు నగరము నడిబొడ్డు. అమీర్‌పేట యనగా నేటి యువకునకు కంప్యూటరు విద్య నేర్పు బడులు గుర్తునకు వచ్చును. 2017లో మెట్రో రైలు వచ్చినది. మరుసటి యేట పంజాగుట్ట స్టేషనును తెరచిరి. అమీర్‌పేట స్టేషనులో రెండు మార్గములు కలిసికొనును. అచ్చట బండి మారు వేలమందిలో, తాము నిలిచిన చోటికి చేరువనే డాక్టర్ చక్రవర్తి తన చెల్లెలిని వెదకికొనెనని ఎరిగినవారు కొలదిమందియే.

నేను ఈ కథను సినిమాల మీది మోజుతో చెప్పలేదు. పల్లెలలో ఆడుబిడ్డలు నేడు బడులకు, కార్యాలయములకు, పంచాయతీ సభలకు వెళ్ళుచున్నారు. పరాయి పురుషునితో కలిసి పని చేయక తప్పదు. ఒక ఉపాధ్యాయిని తోటి ఉపాధ్యాయునితో నాలుగు మాటలాడినచో, ఒక సర్పంచి కార్యదర్శితో కలిసి పట్టణమునకు పోయినచో, మన చూపు ఎటు పోవుచున్నది? చక్రవర్తి యింటను రవీంద్రుని యింటను నిప్పు రాజేసినది అట్టి చూపే. ఊరిలో ఏ మాట నిలువవలెనో, ఏ మాట అణగవలెనో నిర్ణయించువారు పెద్దలైన మీరు. ఒక బిడ్డ పరువు మీ నోటి మాటపై ఆధారపడియుండును.

ఇద్దరు నటులు పండ్రెండేండ్లు ఒకరి యెదుట ఒకరు ప్రేమికులై, దంపతులై, యజమానురాలును సేవకుడునై, అన్నాచెల్లెండ్రై నిలిచిరి. ప్రతిసారియు ఆ బంధమేదో అదియే మనకు కనబడినది. పనిని పనిగా చేయువారిని పనిని బట్టియే చూడవలెనని వారు ఉపన్యాసమిచ్చి చెప్పలేదు, చేసి చూపిరి. తెరపై దానిని గుర్తింపగలిగిన మన కన్నులు వీధిలోను గుర్తింపగలవని నా నమ్మకము.